నాలుగింటి అలవాటు

వకుళ నమ్యా కన్సల్టింగ్‌లో చేరింది ఒకే ఒక్క సుఖం కోసం. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులోంచి లేచి, కూతుర్ని బడి నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. ఆ ఉద్యోగం నుంచి ఆమె అంతకు మించి ఏమీ కోరలేదు.

అంతకుముందు పనిచేసిన ఆడిట్ కంపెనీలో గుమ్మం దగ్గర వేలిముద్ర మిషను ఉండేది. పొద్దున్నే అంట్లు తోమి వచ్చిన బొటనవేలిని అది గుర్తుపట్టేది కాదు. సాయంత్రం మాత్రం బాగా గుర్తుపట్టి, చీకటి పడే దాకా గడప దాటనిచ్చేది కాదు. భర్త సుదర్శన్‌ది జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. రెండో తరగతి చదివే మేఖల బడి వదిలాక అక్కడి గేటు దగ్గరే వాచ్‌మన్ నర్సింగ్ పక్కన స్టూలు వేసుకుని, అతనితో పాటు వచ్చే పోయే కార్లకు సెల్యూట్ కొడుతూ కూర్చునేది. ఒకరోజు టీచరు "పెద్దయ్యాక ఏం చేస్తావు?" అని అడిగితే, "నైట్ డ్యూటీ" అని చెప్పిందట. ఆ మాట విన్న రోజే వకుళ వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

నమ్యా వాళ్ళ ఆఫీసు అప్పట్లో కొండాపూర్‌లో ఉండేది. ఇంటర్వ్యూ చేసినాయన పేరు విభాకర్, హోదా చీఫ్ ఫ్లెక్సిబిలిటీ ఆఫీసర్. నలభై దాటిన మనిషి. సాక్సు లేకుండా బూట్లు, ముఖాన అప్పుడే ధ్యానంలోంచి లేచి వచ్చినట్టు ఒక ప్రసన్నత.

"ఇక్కడ టైమింగ్స్ ఎలా ఉంటాయండీ?" అని వకుళ బెరుకుగా అడిగింది.

ఆయన జాలిగా నవ్వాడు. "వకుళా, టైమింగ్స్ అనేది పాత ప్రపంచపు మాట. మనం క్లయింట్లకు అమ్మేదే ఫ్లెక్సిబిలిటీ. అమ్మే సరుకు మన ఇంట్లో వాడకపోతే ఎలా? మీ ఇష్టమొచ్చినప్పుడు రండి, మీ ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళండి."

"నాలుగింటికి వెళ్ళొచ్చా?"

"నన్నెందుకు అడుగుతున్నారు? మీ నాలుగు మీది."

వకుళకు కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి సుదర్శన్‌కు ఫోన్ చేసి ఆ మాట రెండుసార్లు చెప్పింది. అతను మాత్రం "ఎక్కడైనా రాసిచ్చారా?" అని అడిగాడు. "అన్నిటినీ అలా అనుమానించకు" అని విసుక్కుంది.

మొదట్లో అంతా బాగానే సాగింది. పొద్దున్నే వచ్చి పని ముగించుకునేది, నాలుగింటికి బ్యాగు తగిలించుకునేది. మేఖల సెల్యూట్ కొట్టడం మర్చిపోయి, డాక్టరవుతానని కూడా అనడం మొదలుపెట్టింది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం విభాకర్ పిలిచాడు.

"కూర్చోండి వకుళా. సిస్టమ్ మీ విషయంలో కొంచెం ఆందోళన పడుతోంది."

"పనిలో ఏమైనా తప్పు జరిగిందాండీ?"

"ఛ ఛ. పని గురించి ఎవరు మాట్లాడారు?" ఆయన తెర మీద ఒక గీత చూపించాడు. మిగతా ఉద్యోగుల గీతలు పాములా మెలికలు తిరుగుతుంటే, వకుళ గీత మాత్రం బల్ల మీద పెట్టిన స్కేలులా తిన్నగా ఉంది. "మీరు రోజూ నాలుగింటికి వెళ్తున్నారు."

"మీరే కదండీ ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళమన్నారు."

"అన్నాను. ఇప్పటికీ అంటున్నాను. కానీ ఇష్టం రోజూ ఒకేలా ఉంటే దాన్ని ఇష్టం అనరు, అలవాటు అంటారు. అలవాటు ముదిరితే నియమం అవుతుంది. నియమం ప్రవేశించిన సంస్థలో చైతన్యవంతమైన అనిశ్చితి నశిస్తుంది."

"బడి రోజూ ఒకే టైముకు వదులుతారండీ."

"పాపం," అన్నాడాయన నిజమైన బాధతో. "ఆ ప్రిన్సిపాల్ నంబరు ఇవ్వండి. వాళ్ళకు మన సేవల అవసరం చాలా ఉంది."

వకుళ బయటకు వచ్చేసరికి పక్క సీటు ఖాజా గారు ఆమె కోసమే చూస్తున్నాడు. హనుమకొండ మనిషి, ఆఫీసు లెక్కలు చూస్తాడు, ఇంకో రెండేళ్ళకు రిటైరవుతాడు.

"అయ్యిందా మేడం మీకు గూడ?" అన్నాడు మెల్లగా. "నాకు ఇరానీ చాయ్ అంటే పానం. వరుసబెట్టి తాగుతున్ననని మొన్న మెయిలొచ్చింది. పద్ధతి మార్చుకోమన్నరు. ఇయ్యాల చామంతిపూల చాయ్ తాగిన. గడ్డి ఉడకబెట్టిన నీళ్ళ లెక్కున్నది."

ఆ తర్వాత సంస్కరణలు వేగం అందుకున్నాయి. ఒకసారి కూర్చున్న కుర్చీలో మళ్ళీ కూర్చోకూడదన్నారు. కుర్చీలు అయిపోయాక కిటికీ గట్టు మీద కూర్చున్నవాళ్ళను మెచ్చుకున్నారు. మీటింగులకు వేళ తీసేశారు. మీటింగు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది, దొరికినవాళ్ళు కలుస్తారు. ఆఖరికి బాసులను కూడా తిప్పడం మొదలుపెట్టారు.

ఒక బుధవారం నాడు వకుళే విభాకర్‌కు బాసు అయింది. ఆయన చేతులు కట్టుకుని వచ్చి, "మేడం, నాలుగింటి విషయంలో మిమ్మల్ని హెచ్చరించాలి. మీ అనుమతి కావాలి" అన్నాడు.

"ఇవ్వను" అంది వకుళ.

"మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను" అని వెళ్ళిపోయాడు. గురువారం బాసు తానే అయ్యాక వచ్చి హెచ్చరించాడు.

వకుళ తిప్పలు వకుళ పడింది. ఒకరోజు మూడున్నరకే లేచి వెళ్ళి, నర్సింగ్ పక్క స్టూలు మీద తానే కూర్చుంది. ఇంకోరోజు కావాలని నాలుగున్నరకు బయలుదేరింది. ఆ రోజు వెళ్ళేసరికి మేఖల ఒక లారీకి సెల్యూట్ కొడుతూ కనిపించింది. డాక్టరు చదువు సంగతి అడిగితే, "చూద్దాంలే" అంది. దాంతో మర్నాటి నుంచి మళ్ళీ నాలుగింటికే లేచి, వంటింటి పక్క తలుపులోంచి ఒకసారి, కింద పార్కింగులోంచి ఒకసారి, డెంటల్ క్లినిక్కు వెళ్తున్నానని ఒకసారి బయటపడేది. పంటి నొప్పి, గ్యాస్ బండ, మేనత్త ఆపరేషను, కరెంటు బిల్లు, ఇలా ఆమె చెప్పే కారణాలు రోజుకొకటి చొప్పున మారుతుంటే, కారణాల విషయంలో మాత్రం ఆమెకు మంచి మార్కులు పడ్డాయి.

ఇంతలో ఆఫీసుకు చిరునామా ఉండటం కూడా ఒక బంధనమే అని యాజమాన్యం గ్రహించింది. కొండాపూర్ ఆఫీసు ఖాళీ చేశారు. ఆఫీసు ఆ రోజు ఎక్కడో పొద్దున ఫోనుకు మెసేజ్ వస్తుంది. మెసేజ్ ఎప్పుడొస్తుందన్నది కూడా ఫ్లెక్సిబుల్. వారం రోజుల పాటు ఆఫీసు దొరక్క ఇంట్లోనే ఉండిపోయిన ఒక కుర్రాడికి ఆ నెల ఉత్తమ ఉద్యోగి బహుమతి ఇచ్చారు.

ఒకరోజు ఆఫీసు కొంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో పడింది. అందరూ లాప్‌టాపులు తెరిచి వరుసగా కూర్చున్నారు. అక్కడ నిజంగానే పెళ్ళి జరుగుతోంది. ఆడపెళ్ళివారు వీళ్ళను పెళ్ళికొడుకు ఆఫీసు స్నేహితులనుకుని పన్నీరు చల్లారు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "మీరు భోజనం చెయ్యకుండా పని చేస్తే మాకు మాటొస్తుంది బాబూ" అని బతిమాలి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. గుత్తివంకాయ కూర వడ్డిస్తుంటే ఖాజా గారు, "రోజూ ఈడనే పెడితే బాగుండు" అని, నాలిక కరుచుకుని చుట్టూ చూశాడు.

విభాకర్ మాత్రం తినకుండా పురోహితుడి దగ్గరకు వెళ్ళాడు. "స్వామీ, ఈ ముహూర్తం అనే భావనను కొంచెం ఫ్లెక్సిబుల్ చేయగలిగితే మీ రంగంలో విప్లవం వస్తుంది. మా సంస్థ సాయం చేస్తుంది."

పురోహితుడు చెమట తుడుచుకున్నాడు. "ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది నాయనా. వీడియో అబ్బాయి లైటు సరిగ్గా లేదన్నాడు. అతను ఊఁ అంటే తాళి కట్టిస్తాను."

విభాకర్ ఆయనకు నమస్కారం పెట్టి, ఆరాధనగా చూస్తూ వెనక్కి వచ్చాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓదెలు వచ్చిపడ్డాడు. పెద్దపల్లి దిక్కు మనిషి. ఒకప్పుడు లారీ తోలి, ఇప్పుడు హైదరాబాదు నుంచి కరీంనగర్‌కు, మంచిర్యాలకు, జగిత్యాలకు బస్సులు నడిపిస్తున్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువాలు, చేతిలో ఎప్పుడూ బస్సు తాళంచెవి. బస్సులు సగం ఖాళీగా పోతున్నాయి, ఏం చెయ్యాలో చెప్పమని అడిగాడు.

ఆ పని వకుళకు అప్పగించారు. ఆమె నాలుగు రోజులు బస్సుల్లో తిరిగింది, దిగేవాళ్ళను అడిగింది. పొద్దున బస్సులు అరగంట ముందు కదిలితే కరీంనగర్‌లో ఆఫీసులకు పోయేవాళ్ళంతా ఎక్కుతారని తేలింది. ఆ సంగతి ఒక్క కాగితంలో రాసి ఇచ్చింది. విభాకర్ అది చదివి మొహం చిట్లించాడు.

"ఇందులో ఎటు చూసినా టైమే ఉంది వకుళా. క్లయింటుకు మనం జబ్బునే మందుగా ఇవ్వకూడదు."

ఓదెలుకు ఆయన తానే ప్రెజెంటేషన్ ఇచ్చాడు. "ఓదెలు గారూ, మీ బస్సు ఎప్పుడు బయలుదేరాలో గడియారం ఎందుకు నిర్ణయించాలి? ఎటు వెళ్ళాలో బోర్డు ఎందుకు నిర్ణయించాలి? గమ్యం అనేది ప్రయాణికుల సామూహిక ఆకాంక్షలోంచి పుట్టాలి."

ఓదెలు వకుళ వైపు తిరిగాడు. "సారు ఏమంటుండమ్మా?"

వకుళ తల దించుకుంది. "బస్సెక్కినాక ఎటు పోవాలో అందరూ కలిసి అనుకోవాలంటున్నారండీ."

"గట్లనా," అన్నాడు ఓదెలు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కానీ అంత పెద్ద తెర మీద అన్ని రంగుల్లో చూపించాక కాదనడానికి మొహమాటపడ్డాడు. ఒక్క బస్సు మీద పరీక్ష చేసుకోండన్నాడు.

ఆ బస్సు జూబ్లీ బస్టాండు దగ్గర జగిత్యాల అని చెప్పి జనాన్ని ఎక్కించుకుంది. కదిలాక, ఎటు పోదామని నమ్యా ప్రతినిధి మైకులో అడిగాడు. ముందు సీట్లలో కూర్చున్న ఒక పెద్దావిడ బాసర పోయి చాలా కాలమైందంది. ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళంతా చేతులెత్తారు. డ్రైవరు తన ఆకాంక్షను కూడా లెక్కలోకి తీసుకోమని, మధ్యలో అత్తగారి ఊళ్ళో బస్సాపి మటను భోజనం చేసి, గంటసేపు కునుకు తీశాడు. జగిత్యాల కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన ఒకాయన, సాయంత్రానికి బాసరలో అమ్మవారి ముందు చేతులు జోడించుకుని నిలబడ్డాడు. "నిజమే చెప్తా తల్లీ, కానీ ఎవరికి చెప్పాలె?" అని ఆయన ఏడ్చినట్టు ఓదెలుకు కబురందింది.

ఆ పరీక్ష అద్భుతంగా విజయవంతమైందని నమ్యా ప్రకటించింది. ప్రయాణికుల్లో ఎక్కువమంది పుణ్యం సంపాదించుకున్నారు కదా అన్నారు.

మర్నాడు ఆఫీసు గచ్చిబౌలిలో పిల్లలు ఆడుకునే ఒక ప్లే జోన్‌లో పెట్టారు. వకుళ వెళ్ళేసరికి విభాకర్, ఇంకా పైవాళ్ళూ రంగురంగుల ప్లాస్టిక్ బంతుల గుంటలో నడుముల దాకా మునిగి కూర్చున్నారు. ఆ రోజు వకుళ విషయం తేల్చేసే సమీక్ష. ఆమెనూ అందులోకే దిగమన్నారు. ఖాజా గారు గట్టు మీద కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు, అది ఆయన ఆ రోజు పానీయం.

సమీక్ష మూడింటికి మొదలై సాగుతూనే ఉంది. వకుళ మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది.

"చూశారా," అన్నాడు విభాకర్ బంతుల్లోంచి వేలు పైకెత్తి. "ఇప్పుడు కూడా ఆమె కాలాన్ని అడుక్కుంటోంది. వకుళా, సంస్థ మీకు చివరి అవకాశం ఇస్తోంది. ఈ రోజు కూడా నాలుగింటికే లేస్తే, మీకు శాశ్వత ఫ్లెక్సిబిలిటీ ప్రసాదించవలసి వస్తుంది."

"అంటే ఏంటండీ?"

"ఇక మీరు ఎప్పుడు రావాలన్న ప్రశ్నే ఉండదు."

ఆ మాటకు ఆమెకు ముందు భయం వేసింది, ఆ వెనకే కోపం వచ్చింది. ఇన్నాళ్ళు పంటి నొప్పి అనీ, మేనత్త ఆపరేషను అనీ చెప్పిన అబద్ధాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. తానేం నేరం చేసిందని?

"ఒక మాట అడగొచ్చాండీ?" అంది. "నేను రోజూ నాలుగింటికి వెళ్తున్నాను, నిజమే. మీరు రోజూ ఏం చేస్తున్నారు? రోజూ ఫ్లెక్సిబుల్‌గా ఉంటున్నారు. ఒక్కరోజూ తప్పకుండా కుర్చీలు మారుస్తున్నారు. రోజూ ఆఫీసు మారుస్తున్నారు. ఇది అలవాటు కాదా? మీ గీత మాత్రం తిన్నగా లేదా?"

విభాకర్ ముఖంలో ప్రసన్నత మెల్లగా కరిగిపోయింది. ఆయన ఏదో అనబోయి, ఆలోచనలో పడి, గడ్డం దాకా బంతుల్లో మునిగిపోయాడు. ఖాజా గారు కొబ్బరిబోండం కింద పెట్టి ముందుకు వంగి చూశాడు. వకుళకు ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది.

అప్పుడు విభాకర్ బంతులు చెదిరేలా లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు.

"మిత్రులారా! ఇంతకాలం మనం ఫ్లెక్సిబిలిటీకి బానిసలమై ఉన్నాం. ఈమె మన కళ్ళు తెరిపించింది. నిజమైన ఫ్లెక్సిబిలిటీ అంటే ఫ్లెక్సిబిలిటీ నుంచి కూడా విముక్తి! దీనికి నేను స్థిర నమ్యత అని పేరు పెడుతున్నాను. రేపటి నుంచి ఒకే ఆఫీసు, ఒకే కుర్చీ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. గుమ్మం దగ్గర వేలిముద్ర మిషను పెడదాం. ఇంత సాహసం ఈ రంగంలో ఇప్పటిదాకా ఎవరూ చేసి ఉండరు!"

పైవాళ్ళంతా బంతులు పైకి ఎగరేసి చప్పట్లు కొట్టారు.

"సార్, మరి చాయ్?" ఖాజా గారు చెయ్యెత్తాడు.

"రోజూ ఒకటే. ఏది తాగుతారో అదే, చివరి దాకా."

"యా అల్లా," అని ఖాజా గారు కింద పెట్టిన కొబ్బరిబోండం వైపు భయంగా చూశాడు. "ఇయ్యాల తాగింది లెక్కకు రాదు గద సార్?"

"మరి నా నాలుగు?" అంది వకుళ.

విభాకర్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నంత పని చేశాడు. "ఈ విప్లవానికి తల్లి మీరు. మీరే ఆరింటిదాకా కూర్చుని అందరికీ ఆదర్శంగా నిలవాలి."

వకుళ లేవబోయింది. బంతుల్లో కాలు జారి మళ్ళీ కూలబడింది. ఎడమ కాలి చెప్పు ఎక్కడో అడుగున పోయింది. గడియారం నాలుగుకు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఓదెలు లోపలికొచ్చాడు.

"పొద్దట్నించి తిరుగుతున్న! కొండాపూర్ పోయిన, కొంపల్లి పోయిన. మీ ఆఫీసు గూడ బాసరకు పోయిందనుకున్న!" అని అరుస్తూ వచ్చి, బంతుల గుంట చూసి ఆగిపోయాడు. కాసేపు ఎవరితో కొట్లాడాలో ఆయనకు తోచలేదు. తర్వాత వకుళ కనిపించింది.

"మీరిచ్చిన ఫైలు అడుగున నువ్వు రాసిన కాయితం దొరికింది, ఇయ్యాల మా అల్లుడు సదివి వినిపించిండమ్మా. బండి అరగంట ముందుగాల తియ్యమన్నవు. గంతేనా?"

"అంతేనండీ."

"గీ ముక్క నాకు ముందే జెప్తే అయిపోవు గద!"

"వకుళా, క్లయింటుతో తర్వాత మాట్లాడండి. సమీక్ష ఇంకా ముగియలేదు" అన్నాడు విభాకర్.

"నాకు ముగిసిందండీ," అంది వకుళ. "నేను రేపట్నించి రాను." ఓదెలు వైపు చెయ్యి చాపింది. "అన్నా, కొంచెం పైకి లాగవా?"

ఆయన తువాలు నడుముకు బిగించి, ఆమెను గుంటలోంచి బయటకు లాగాడు. ఒంటి చెప్పుతో బయటకు పరుగెత్తింది వకుళ. గేటు ముందు పెద్ద బస్సొకటి దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఆఫీసు వెతకడానికి ఓదెలు దాన్ని తానే తోలుకొచ్చాడు.

"ఎక్కడికి పోవాలె?"

"మా పాప బడికి. నాలుగుంపావుకు వదులుతారు."

"ఎక్కు."

కొత్తగూడ దగ్గర సందులో అంత బస్సు చూసి బడిపిల్లలంతా కేకలు పెట్టారు. మేఖల నోరు తెరుచుకుని ఎక్కి, ముందు సీటు అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. "అంకుల్, ఇది ఎక్కడికి పోతుంది?"

"బోర్డు మీద ఏమున్నదో గాడికే బిడ్డా. ఇయ్యాల్టి సంది," అన్నాడు ఓదెలు. ఇంటి దగ్గర దించేటప్పుడు వకుళతో, "మా డ్రైవర్లు నా మాట ఇంటలేరు. బండ్లు టైముకు తీయించెటోళ్ళు నాకొకరు గావాలె. వస్తవా?" అని అడిగాడు.

వకుళ సోమవారం నుంచి వెళ్ళింది. ఓదెలు ఆఫీసంటే టైర్ల షాపు మీద మేడ గది. ఒక ఫ్యాను, రెండు బల్లలు, కిటికీలోంచి చూస్తే బస్సులు. మొదటి రోజు డ్రైవర్లు ఆమె చెప్పినదానికి గొణిగారు, రెండో రోజు ఇద్దరు వాదించారు. అత్తగారి ఊళ్ళో మటను తిన్న డ్రైవరైతే, ఆడమనిషి చేతి కింద పని చెయ్యనని తాళంచెవి బల్ల మీద పడేశాడు. వకుళ దాన్ని తీసి పక్కవాడికిచ్చింది. అతను కాసేపు కింద బీడీ కాల్చి, పైకొచ్చి తాళంచెవి అడుక్కున్నాడు. వారం చివరికి బస్సులు చెప్పిన వేళకు కదలడం మొదలైంది.

ఆ శనివారం ఓదెలు ఎదురు బల్ల దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడు. నాలుగు కావస్తుంటే వకుళ నెమ్మదిగా బ్యాగు సర్దుకుని, లేచి, ఆయన ఎదుట నిలబడింది. రోజూ ఆయన లేనప్పుడు వెళ్ళిపోయేది. ఇవాళ ఎదురుగా ఉన్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అన్నా, పన్ను కొంచెం సలుపుతోంది, డాక్టరు దగ్గరికి..."

ఓదెలు ఫోను పక్కన పెట్టాడు. "ఏ పన్ను?"

వకుళ ఆగింది. చెంప మీదికి పోయిన చెయ్యి దించేసింది. "పన్ను కాదన్నా. పాపను తెచ్చుకోవాలి."

"నిన్న?"

"నిన్న కూడా పాప కోసమే."

"సోమవారం?"

"అదే."

"మళ్ళ పన్ను మాటెందుకు జెప్తున్నవు?"

వకుళకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చేట్టుంది. ఓదెలు తల అడ్డంగా ఆడించి, కిటికీలోంచి కిందికి చూశాడు. డ్రైవర్లు ముగ్గురు నలుగురు చాయ్ తాగుతూ పైకే చూస్తున్నారు.

"ఇగ నడువు తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వే లేటుగ పోతే, రేపు వాళ్ళు 'టైము మాకేనా' అని నన్ను అడుగుతరు."